నూటికి నూరు వచ్చిన నోటీసు

సమాచారం కొందరికే అందే చీకటి యుగం నిన్న సాయంత్రంతో ముగిసిందని సిటీ బస్సుల కార్యాలయం ప్రకటించింది. (ప్రకటనను మూడో అంతస్తులో అంటించారు. లిఫ్టు చెడిపోయి ఉంది.)

ఇకపై ప్రతి నోటీసూ చూపు లేనివారికీ, వినికిడి లేనివారికీ, చదువు రానివారికీ ఒకేలా చేరాలట. తగిన సాఫ్ట్‌వేరును ఎంపిక చేయడానికి సర్వసుగమ ప్రత్యేకాధికారి నడుం బిగించారు. మొదటిది ఫొటోలో ఏముందో పైకి చదివి చెబుతుంది. అధికారిగారి ఫొటో పెడితే "ఖాళీ కుర్చీ" అంది. తిరస్కరించారు. రెండోది కష్టమైన భాషను తేలిక చేస్తుంది. ఆయన నాలుగు పేజీల ప్రసంగాన్ని "నమస్కారం" అని తేల్చేసింది. దాన్నీ సాగనంపారు. మూడోది ఏ పనీ చేయదు, నోటీసు ఎవరినీ నొప్పించకుండా ఉందా అని చూసి మార్కులు మాత్రం వేస్తుంది. అది ఏకగ్రీవంగా ఎంపికైంది.

నోటీసులు రాసే గుమాస్తాకు ప్రాణం లేచొచ్చింది. కారణం అతని పిన్ని. ఆమెకు చూపు లేదు, ఫోను చదివి వినిపిస్తే వింటుంది. తెల్లవారితే టెలిఫోన్ ఆపరేటరుగా ఆమెకు మొదటి రోజు. ఆలస్యమైతే ఉద్యోగంలో చేర్చుకోబోమని ముందే చెప్పారు. ఆమె ఎక్కే బస్సు ఆగే చోటేమో సరిగ్గా ఆ రోజు నుంచే మారుతోంది.

"తొమ్మిదో నంబరు బస్సు రేపటి నుంచి పాత స్టాపులో ఆగదు, ఆస్పత్రి గేటు ఎదుట ఆగుతుంది" అని రాసి సాఫ్ట్‌వేరుకు సమర్పించాడు. నలభై మార్కులు వేసింది. నంబర్లు లెక్కలు రానివారిని నొప్పిస్తాయట. "పాత" అంటే పెద్దవాళ్ళకు చిన్నతనం. "ఆస్పత్రి" అంటే ఆరోగ్యవంతులను వెలివేసినట్టు. ఒక్కో మాటా తీసేస్తుంటే మార్కులు పాలపొంగులా పెరిగాయి. చివరికి "బస్సు" ఒక్కటే మిగిలింది. తొంభై అయిదు.

"నడిచి వెళ్ళేవాళ్ళు ఏం పాపం చేశారయ్యా?" అన్నారు అధికారి.

అదీ తీసేశారు. నూటికి నూరు! ఖాళీ నోటీసు ఆఫీసు వెబ్‌పేజీకి ఎక్కింది, ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. (వినపడనివారి కోసం చేతులు కూడా ఊపారు.) అధికారిగారికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

అంతలో పిన్ని ఫోను చేసింది.

"ఒరే బుజ్జీ, మీ పేజీ తెరిచానురా. ఫోను నోరు మెదపడం లేదు. రేపు నా బస్సు ఎక్కడ ఆగుతుంది?"

సాఫ్ట్‌వేరు ఆమోదించని సమాచారాన్ని నోటితో చెప్పరాదని నియమం. నియమం ఏట్లో కలవనీ అనుకుని గుమాస్తా వరండాలోకి పరుగెత్తాడు.

"ఆస్పత్రి గేటు దగ్గర, పిన్నీ. నేను చెప్పానని ఎక్కడా అనకు."

"బస్సెక్కడాగుతుందో చెప్పడానికి ఈ గుసగుసలేంట్రా? దొంగతనమేమన్నా చేశావా?"

మర్నాడు పిన్ని గేటు దగ్గర బస్సెక్కి, వేళకు ఉద్యోగంలో చేరింది. బస్సులో ఆమె, డ్రైవరు, కండక్టరు తప్ప ఎవరూ లేరు. మిగతా ఊరంతా పాత స్టాపులో నిలబడి ఉంది. చూపున్నవారూ లేనివారూ, చదివినవారూ చదవనివారూ, భుజం భుజం రాసుకుంటూ, ఎవరికీ ఏమీ తెలియకుండా. ప్రత్యేకాధికారి పరుగున వచ్చి వాళ్ళ మధ్య నిలబడి ఫొటో దిగారు.

ఆ ఒక్క ప్రయాణికురాలు బస్సు ఎలా ఎక్కగలిగిందని మధ్యాహ్నానికల్లా విచారణ పూర్తయింది. గుమాస్తాకు సంజాయిషీ నోటీసు అందింది. (ఇలాంటివాటిని సాఫ్ట్‌వేరుకు పంపరు. స్పష్టంగా అర్థం కావాలి కదా.) అతని మీద మోపిన నేరం ఇది: ఎవరికీ తెలియని విషయాన్ని ఒక్కరికి తెలియజేసి, వివక్షకు పాల్పడ్డాడు.