పాలచక్కెరలో గ్లూకోజు

ఆ జులై ఉదయం మైథిలి పెట్టుకున్న పని ఒక్కటే. ఉక్కకు మూడేళ్ల చైతు నీరసపడకుండా గ్లూకోజు సీసా నింపిపెట్టడం. అలమరలో తెల్లపొడి సగానికి ఉన్న పాత హార్లిక్స్ సీసా కనిపించింది. సగం సీసా చూస్తే ఆమె ప్రాణం ఊరుకోదు. కొత్త గ్లూకోజు పొట్లం చింపి అంచుదాకా పోసి, బాగా కుదిపి మూత బిగించింది.

అందులో ఉన్నది ఆమె భర్త రఘునందన్ తెచ్చుకున్న పాలచక్కెర. ల్యాబులో చెమ్మకు గడ్డకడుతోందని ఇంటికి తెచ్చి ఆరబెట్టుకున్నాడు. వారం రోజులుగా అతను గోడకు అప్పజెబుతున్న పాఠం ఆమెకూ నోటికొచ్చేసింది: పాలచక్కెర తగలగానే సూక్ష్మజీవిలో ఒక జీన్ స్విచ్చేసినట్టు మేలుకుంటుంది, గాజుగొట్టంలో నీళ్లు పచ్చబడతాయి. ఇవాళ కమిటీ ముందు ఆ పసుపు కనబడకపోతే ప్రాజెక్టుకు మంగళం, ఉద్యోగానికీ మంగళం.

అతను ఆ హడావిడిలో సీసాను సంచిలో పడేసుకుని ఫరీదాబాద్ నుంచి ఢిల్లీలో ధౌలా కువాన్‌ దగ్గరున్న ల్యాబుకు బయల్దేరిపోయాడు.

తొమ్మిదింటికి చైతు "మమ్మీ, పానీ!" అన్నాడు. గ్లూకోజు కలుపుదామని చూస్తే ఆ సీసా లేదు. బియ్యం డబ్బా వెనక మాత్రం ఇంకో సీసా ఉంది, అసలు గ్లూకోజుది. అంటే పొద్దున తను గ్లూకోజు పోసింది ఆయన పాలచక్కెరలో!

ఎదురింటి ఆంటీ ఫోనులోంచి ల్యాబుకు చేస్తే, "సాబ్ మీటింగ్ మే హై" అని ఎవరో ఠక్కున పెట్టేశారు. ఆమె పిల్లాణ్ణి చంకనేసుకుని, రెండు బస్సులు మారి, జారిన జడతోనే ల్యాబులోకి దూసుకెళ్లింది.

అప్పటికే అక్కడ కొంప మునిగి ఉంది. నాలుగు గొట్టాల్లోనూ రంగు లేదు. రఘునందన్ చొక్కా తడిసి ముద్దయింది. రంగు మందు పాతదని ఒకసారి, సూక్ష్మజీవులే చచ్చాయని ఒకసారి చెప్పి ఉన్నాడు. కమిటీ పెద్ద అనంతరామయ్య ఫైలు మూయబోతున్నాడు.

"ఆగండి సార్! తప్పు నాది. ఆ సీసాలో గ్లూకోజు కలిపేశాను."

"ఎంత పని చేశావే మైథిలీ!"

"ముందు మీరు అరవడం ఆపండి. మీ పురుగులు నిక్షేపంలా ఉన్నాయి. వీడి చేతిలో లడ్డూ ఉంటే పప్పన్నం వంక చూస్తాడా? అది అయిపోయాక ఆకలేసి వాడే కంచం లాక్కుంటాడు. అవీ అంతే. గ్లూకోజు అవగొట్టనివ్వండి."

"అచ్ఛా! ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నాడు అనంతరామయ్య.

"చిటికెడేగా వేశారు. మీరు భోంచేసి రండి సార్."

రఘునందన్ కమిటీ వైపు తిరిగాడు. "నిజమే సార్. గ్లూకోజు ఉన్నంతసేపు ఆ జీన్ లేవదు. అది... మేం వచ్చే ఏడు చూపించాల్సిన పని."

ఒంటిగంటన్నరకు మొదటి గొట్టం చామంతిలా పచ్చబడింది. దాని వెనకే రెండోది. తర్వాత మిగతావి కూడా. కమిటీ మొత్తం లేచి నిలబడింది. మైథిలి కొంగు దోపుకుని, తానే వండి వడ్డించినట్టు గొట్టాల పక్కన నిలబడింది.

"ఏం చదువుకున్నావమ్మా?" అన్నాడు అనంతరామయ్య.

"తొమ్మిదో తరగతి మధ్యలో మాన్పించేశారండీ."

"ఇతను పూర్తిగా చదివాడు. అందుకే చెప్పలేకపోయాడు."

ప్రాజెక్టును మూడేళ్లు పొడిగించారు. గ్లూకోజును ముందస్తు ప్రణాళిక ప్రకారమే కలిపినట్టు నివేదికలో రాసుకున్నారు.