తలకాయకు లైసెన్సు అక్కర్లేదు

జుట్టు నాటే ఆపరేషన్‌కు డాక్టరు ఎందుకండీ? ఉత్త దండగ! చదువుకున్న డాక్టర్లను జ్వరాలకు, కాన్పులకు వదిలేయండి. నెత్తిన వెంట్రుకలు నాటడానికి ఒక సూది, ఒక కుర్చీ, వీధి చివర ఒక ఫ్లెక్సీ చాలు. నమ్మరా? అయితే డోన్‌లో లారీలు తిప్పే భూపేష్ సంగతి వినండి.

భూపేష్ అమాయకుడేం కాదు. కొత్త డ్రైవరు వస్తే హెవీ లైసెన్సును వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూస్తాడు. పాత యజమానికి ఫోన్ చేసి ఆరా తీస్తాడు. పక్కన కూర్చుని ప్యాపిలి దాకా తోలిస్తాడు. అప్పటికి గాని తాళం చేతిలో పెట్టడు.

ముప్పై రెండేళ్లకే ఆయన నెత్తి నున్నబడింది. అయినా కమలాపురం సంబంధం కుదిరింది. బ్యాంకులో పనిచేసే సాహితి పెళ్లిచూపుల్లో ఆ బట్టతలను చూసే ఒప్పుకుంది. కానీ పెళ్లి ఫోటోల బెంగ ఒకటి పట్టుకుంది పెళ్లికొడుకును.

"పిల్లకు లేని బాధ నీకేల నాయనా?" అంది తల్లి గురమ్మ. వింటేనా?

కర్నూలులో సెల్‌ఫోన్ల షాపు పైన ఉంది ఆ జుట్టు ఆసుపత్రి. ఏసీ ఉంది, చేపల తొట్టి ఉంది, తెల్లకోటు ఉంది. కోటు లోపల ఎవరున్నారని అడగడం మర్యాదా? భూపేష్ మర్యాదస్థుడు. మత్తు సూదులు పొడిచి, తల వెనక వెంట్రుకలు పీకి ముందు నాటారు. "రేపే పనికి పోవచ్చన్నా" అని మాస్కు వెనక నుంచి ఒక గొంతు ధైర్యం చెప్పింది.

మూడో రోజుకు ముఖం వాచి కళ్లు మూసుకుపోయాయి. ఐదో రోజుకు చీము, చలిజ్వరం. అయితేనేం? ఈ వైద్యం గొప్పదనం చూడండి! ముందు లేని జుట్టు ఎటూ రాలేదు, వెనక ఉన్నదీ పోయింది. తలంతా సమానత్వం!

పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు పడి ఉన్నాడు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు, ఉన్నదున్నట్టు చెప్పేస్తారు.

సాహితి చూడడానికి వచ్చింది. "చేసినాయన ఏం చదివినాడో అడిగినారా?" అంది.

భూపేష్ దుప్పటిని నెత్తి మీదికి లాక్కున్నాడు.

"మీ తల గురించే అడగలేదు. రేపు పిల్లలకు జ్వరమొస్తే ఎవురి చేతిలో పెడతారో. నాకు భయమైతాండాది."

సంబంధం తప్పిపోయింది. అప్పటి నుంచి భూపేష్ స్నానానికి తప్ప టోపీ తీయడు, కమలాపురం వైపు లోడు వస్తే తాను పోడు.

మూడు నెలలకు ఆయన ఆఫీసుకు కోసిగి నుంచి చంద్ర అనే మనిషి డ్రైవరు పని అడగడానికి వచ్చాడు.

"హెవీ లైసెన్సు ఉండాదా?"

"కారుదే ఉండేదన్నా."

"ముందు యాడ పని చేస్తాంటివి?"

"కర్నూల్లో, జుట్టు ఆసుపత్రిలో. మొదట టోకెన్లిస్తాంటి. మిరపనారు నాటిన చెయ్యి గదా అని ఓనరు నన్ను ఎంట్రుకలు నాటేకి పెట్టినాడు. ఇప్పుడు తాళమేసి పోయినాడు."

భూపేష్ టోపీ తీశాడు. ఆ తలను గుర్తుపట్టి చంద్ర రెండడుగులు వెనక్కి వేశాడు.

కొడతాడనుకున్నారు కదూ? నేనూ అనుకున్నాను. భూపేష్ మళ్లీ టోపీ పెట్టుకుని, "పో అప్పా. లైసెన్సు లేనోనికి నేను బండియ్యను" అన్నాడు.

చంద్ర గడప దాకా పోయి తిరిగాడు. అతని గొంతులో వెటకారం లేదు.

"తలకాయ ఇచ్చేటప్పుడు అడగల్యా గదన్నా. ఆ పొద్దు ఒక్క మాట అడిగింటే, నాకు రాదని చెప్తాంటి."

ఇక ఆ ఓనరు సంగతంటారా? చేపల తొట్టి, తెల్లకోటు కారులో వేసుకుని కడపకు బయల్దేరాడు. మన వ్యవస్థ నిద్రపోతోందని ఎవరన్నారు? దారిలో పోలీసులు కారు ఆపారు. డ్రైవింగ్ లైసెన్సు అడిగి తీసుకుని, రెండు వైపులా చూసి, అంతా సరిగ్గా ఉందని పంపించారు.