పాలెక్కడ పొంగించావు బాబూ?

సోమవారం పొద్దున ఏడున్నరలోపు పంజాగుట్టలో ఒక ఫ్లాట్‌కు వెళ్ళి పాలు పొంగించాలి. ఆ రోజుకు రిషి పెట్టుకున్న పని అదొక్కటే. యూనివర్సిటీలో ఎమ్మే చదివే కుర్రాడికి అదేమంత పని అని తీసిపారేయకండి. అమీర్‌పేటలో అతను ఉంటున్న ప్రైవేటు హాస్టల్‌ను ఏదో కోచింగ్ సెంటర్‌కు ఇచ్చేశారు. సాయంత్రానికల్లా అందరూ ఖాళీ చేయాలి. నెల్లాళ్ళుగా టు-లెట్ బోర్డు కనబడిన ప్రతి గేటూ తట్టాడు. "బ్యాచిలరా?" అని అడగడమూ తలుపు వేయడమూ ఇంటివాళ్ళు ఒకే ఊపిరిలో కానిచ్చేస్తున్నారు.

చివరికి శ్రీనగర్ కాలనీలో ఉండే అచ్యుతరావు గారు మెత్తబడ్డారు. పంజాగుట్టలో ఆయనకున్న ఒంటి గది ఫ్లాట్ చాన్నాళ్ళుగా ఖాళీగా పడి ఉంది. నీచు వండకూడదు, పాటలు పెట్టకూడదు, స్నేహితులు రాకూడదు, గోడకు మేకు కొట్టకూడదు అన్నారాయన. అన్నింటికీ రిషి తలూపాడు. గాలి పీల్చకూడదన్నా ఊపేవాడే.

"ఇంకో మాట బాబూ," అన్నారు అచ్యుతరావు. "సోమవారం ఏడున్నరకి రాహుకాలం వచ్చేస్తుంది. ఆలోపే పాలు పొంగించెయ్యాలి. బుధవారం అమావాస్య, ఆపైన ఆషాఢం. ఇది తప్పితే మళ్ళీ శ్రావణమే! తలుపు తీయించి ఉంచుతాను. మూడో అంతస్తు, లిఫ్టు దిగగానే ఎడమ చేతి వైపు."

తీరా రిషి వెళ్ళేసరికి లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కాడు. ఆ మెట్లు లిఫ్టుకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. అంటే లిఫ్టు దిగినవాళ్ళ ఎడమ మెట్లెక్కినవాళ్ళకు కుడి. చేతిలో పాల ప్యాకెట్టూ గిన్నే, చంకలో కరెంటు పొయ్యి, వెనకాల రాహుకాలం పెట్టుకుని వచ్చినవాడికి ఇదంతా తడుతుందా? ఆయాసపడుతూ ఎడమకు తిరిగాడు. అక్కడా తలుపు బార్లా తీసే ఉంది.

లోపల ఒక పెద్దావిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి గచ్చు తుడుస్తోంది. అచ్యుతరావు గారు పెట్టిన పనిమనిషి కాబోలనుకున్నాడు రిషి.

"పాలు పొంగియ్యాలె అమ్మా. సార్ పంపిండు."

"గింత పొద్దుగాలనే పంపిండా? మంచిగైంది, రా బిడ్డా. తడి ఉన్నది, పైలం!"

ఆవిడే వంటగట్టు తుడిచి ముగ్గేసింది, గిన్నెకు పసుపు కుంకుమ పెట్టింది. పాలు కాగుతుంటే రిషికి ఇంటివాడినయ్యానన్న ధీమా వచ్చేసింది.

"అమ్మా, బాత్రూం సుత జర కడుగుతవా?"

ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసి, చీపురు తీసుకుని వెళ్ళి కడిగి వచ్చింది. అంతలో పాలు పొంగి గట్టు మీద తూర్పుకు పారాయి. "తూర్పుకే పొంగినయ్! ఇల్లు సల్లగుంటది," అని ఆవిడ మురిసిపోయింది. రిషి హమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు ఫోను మోగింది.

"ఏమయ్యా, ఎక్కడున్నావు? టైమైపోతోంది!" అచ్యుతరావు గొంతు.

"పొంగించేశాను సార్. తూర్పుకే పొంగినయ్."

"ఎక్కడ పొంగించావు బాబూ? నేను వంటింట్లోనే నించున్నాను. ఇక్కడ చుక్క పాలు లేవు!"

"నేనూ వంటింట్లోనే ఉన్న సార్."

రిషి ఎందుకైనా మంచిదని వంటగట్టు కిందికి కూడా వంగి చూశాడు. ఆయన లేరు. గొంతు మాత్రం ఫోన్లోంచీ వస్తోంది, గుమ్మంలోంచీ వస్తోంది. బయటికి వచ్చి చూస్తే ఎదురింటి గుమ్మంలో అచ్యుతరావు, చెవి దగ్గర ఫోనుతో.

"పరాయి ఇంట్లో పొంగించావా!" ఆయన నెత్తి కొట్టుకున్నారు.

"పరాయిదేంది? గిది నా ఇల్లు," అంది చీపురుతో వచ్చిన పెద్దావిడ. ఆవిడ పేరు సీతాబాయి, కింది అంతస్తులోనే ఉంటుంది. "గీ పిలగాడు బ్యాంకు రవికాంత్ సార్ తమ్ముడు. గాయనకే ఇల్లు ఇచ్చిన."

"నేను ఆయన తమ్ముణ్ణి కాదమ్మా."

"మరి ఏ సార్ పంపిండన్నవ్?"

రిషి వేలితో అచ్యుతరావును చూపించాడు. తాను బాత్రూం కడిగించింది ఎవరిచేతనో అప్పుడు తెలిసొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇంకో ప్యాకెట్టు తెస్త సార్," అన్నాడు.

"రాహుకాలం వచ్చేసింది! అయినా ఒక్క మనిషి ఒకే పూట రెండిళ్ళలో పొంగిస్తే లక్ష్మీదేవి ఎటు రావాలయ్యా?"

ఇంతలో మెట్ల మీద బ్యాంకు రవికాంత్, అతని కొత్త పెళ్ళాం మంజూష ప్రత్యక్షమయ్యారు. ఆమె చేతిలో కొత్త ఇత్తడి గిన్నె తళతళలాడుతోంది. లోపలికి తొంగి చూసి ఆమె అక్కడే ఆగిపోయింది.

"ఏంటండీ ఇది? మన ఇంట్లో ఎవరో పాలు పొంగించేశారు! నేను రానంటే రాను."

అచ్యుతరావు మొహం వికసించింది. "నా ఇల్లు చూడమ్మా. కడిగించి సిద్ధంగా ఉంచాను."

"రాహుకాలం కదండీ? తొమ్మిది దాటాకే పొంగిద్దామనుకున్నాం," నసిగాడు రవికాంత్.

"కొత్త దంపతులకి రాహుకాలమేంటండీ!" అన్నారు అచ్యుతరావు.

ముగ్గురూ లోపలికి వెళ్ళారు, తలుపు మూసుకుంది. గుమ్మం బయట మిగిలిపోయిన రిషికి నిజంగానే ఏడుపొచ్చింది. సాయంత్రం పెట్టె తీసుకుని ఎక్కడికి పోవాలి?

"తప్పైందమ్మా," అన్నాడు. "బాత్రూం కడగమన్నందుకు సుత తప్పైంది. పోతున్న."

"ఏడికి పోతవ్? పాలు పొంగిచ్చినోడు గా పూటకే ఎల్లిపోతే నా ఇల్లు ఏంగావాలె? గని నేను ఫ్యామిలీకే ఇస్త. అమ్మ ఉన్నదా నీకు?"

"జగిత్యాలల ఉన్నది."

"ఫోన్ కలుపు."

సీతాబాయి, రిషి వాళ్ళమ్మ "నమస్తే అమ్మా" దగ్గర మొదలుపెట్టి, గిన్నెలో పాలు చల్లారేలోపు "చెల్లే", "అక్కా" దాకా వచ్చేశారు. మధ్యలో సీతాబాయి రిషి వంక చూసి నవ్వడం అతనికి అంత నచ్చలేదు.

ఫోను తిరిగి ఇస్తూ ఆవిడ, "ఇగ ఫ్యామిలీ అయినట్టే. పో, సామాను తెచ్చుకో," అంది. "కూర వండుకుంటవా?"

"నీచు వండనమ్మా, ఒట్టు!"

"ఎందుకు వండవురా? ఐతారం నాకు సుత ఒక గిన్నె పెట్టాలె."

రిషి ఆ తడి గచ్చు మీదే కూలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. నెల్లాళ్ళ తర్వాత మొదటిసారి, ఒక తలుపుకు లోపలి వైపున ఉన్నాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

ఆ మర్నాటి నుంచి రిషి పొద్దున ఎన్నింటికి నిద్ర లేస్తున్నాడో జగిత్యాలలో వాళ్ళమ్మకే కాదు, వాడకట్టుకంతా తెలుస్తోంది.