ఓటు పెట్టెలో దొరసాని బిస్కత్తులు

ఆ ఆదివారం పొద్దున్న లేస్తూనే జగన్నాధం ఒక నిశ్చయానికి వచ్చేశాడు. సాయంత్రం అయిదింటికి బీడీవో నరసింగరావుగారు తన ఇంటికి ఫలహారానికి వస్తారు. అమెరికా బిస్కత్తులు తింటారు. తిని, ఢిల్లీలో జరిగే ఆహార శిక్షణకి పంచాయతీ సమితి నుంచి పంపవలసిన ఒకే ఒక్క పేరు తన పేరే రాస్తారు. వ్యవసాయ విస్తరణాధికారిగా ఆరేళ్లనుంచీ రైతులకి వాళ్లకు తెలిసిన వ్యవసాయమే నేర్పుతున్న మనిషికి అంతకంటే కావలసిందేముంది?

అతను హైదరాబాదులో పదిరోజుల శిక్షణ ముగించుకుని వచ్చి వారమే అయింది. అక్కడ ఒక అమెరికా దొరసాని గోధుమపిండితో బిస్కత్తులు చేసి చూపించింది. ఆవిడది ఆ దేశానికి దక్షిణపు కొస. తమ దేశంలోనే ఉత్తరాది వాళ్లకి బిస్కత్తు చెయ్యడం చేతకాదని ఆవిడ అంది. పదిరోజుల పాఠాల్లో జగన్నాధం పుస్తకంలో రాసుకున్నది ఆ బిస్కత్తు సంగతి ఒక్కటే.

"బిస్కత్తులకి ఇంత భాగోతమేటండీ? సంతలో దొరకవేటి?" అంది అతని భార్య నీలవేణి, మజ్జిగ చిలుకుతూ.

"ఒసే, అవి కావే. ఇవి మెత్తగా, పొరలు పొరలుగా ఉంటాయి. పిండిలో వెన్న కలిపి, మజ్జిగ పోసి, సోడా ఉప్పు వెయ్యాల. కిందా మీదా ఒక్కలాగ వేడి తగలాల. అదీ సైన్సు."

"దిబ్బరొట్టికీ అంతే కదా. గిన్ని కింద నిప్పులు, మూత మీద నిప్పులు."

"అమెరికా బిస్కత్తుని అట్టుకెళ్లి దిబ్బరొట్టిలో కలిపీసినావు! బీడీవోగారికి దిబ్బరొట్టి పెట్టి ఢిల్లీ ఎల్తానా? నాకు ఓవెన్ కావాల."

నీలవేణి చేతిలో కవ్వం కాస్త గట్టిగా తిరిగింది.

ఓవెన్ అంటే నాలుగువైపులా మూసిన ఇనప పెట్టె అని జగన్నాధానికి తెలుసు. అలాంటి పెట్టె ఎక్కడుందో కూడా తెలుసు. మర్నాడు బొడ్డవలసలో ఒక వార్డుకి ఉప ఎన్నిక. దానికోసం తాలూకా నుంచి వచ్చిన రెండు ఓటు పెట్టెలు సమితి ఆఫీసు గదిలో ఉన్నాయి. కావలసింది ఒకటే; రెండోది ఊరికే, అవసరానికి. జగన్నాధానికి అవసరం వచ్చింది. మధ్యాహ్నం ప్యూను కూర్మయ్య ఆ పెట్టెను గోనెలో చుట్టి తలమీద పెట్టుకుని పెరటి దారిన తెచ్చాడు.

దొరసాని కొలతలు ఆ దేశపువి. వాటిని శేర్లలోకి మార్చేసరికి పిండి ఇంటిల్లిపాదికీ మూడురోజులకి సరిపడా అయింది. అందులోంచి గ్లాసు అంచుతో పన్నెండు బిళ్లలు కోసి, పెట్టెలో పేర్చి, మూడు రాళ్లమీద ఎక్కించి, కిందా మీదా నిప్పులు పోశాడు. కాసేపటికి పొగ వచ్చింది. ఆ వాసన వెన్నది కాదు, పెట్టెకి వేసిన పచ్చరంగుది.

"తీసీండి బాబూ, మాడిపోతన్నాది!" అన్నాడు కూర్మయ్య.

తియ్యడం కుదరలేదు. మూత ఒకసారి పడితే లోపలి గొళ్లెం దానంతటదే పడిపోయే పెట్టె అది. పైగా సెగకి గొళ్లెం బిగుసుకుపోయింది. జగన్నాధం పట్టకారుతో లాగాడు, రోకలిబండతో మోదాడు. పెట్టె ప్రజాస్వామ్యంలాగ నిబ్బరంగా కూర్చుంది. ఇంతలో వీధిలో జీపు ఆగిన చప్పుడు.

"కూర్మయ్యా, దీన్ని అట్టుకుపో! ఎక్కడిది అక్కడ పెట్టీ!"

కూర్మయ్య వేడి పెట్టెను మళ్లీ గోనెలో చుట్టి తీసుకుపోయాడు. జగన్నాధం చేతులు తుడుచుకుని, ఏ అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తూ వీధి గదిలోకి వెళ్లాడు. అప్పటికే బీడీవోగారి ముందు ఒక పళ్లెం ఉంది. అందులో పైన ఎర్రగా కాలి, లోపల దూదిలా ఉన్న ముక్కలు. పక్కన వెన్న. మిగిలిన పిండి పారెయ్యడం ఇష్టంలేక నీలవేణి దాన్ని మందపాటి ఇత్తడి గిన్నెలో దిబ్బరొట్టి వేసేసింది.

నరసింగరావుగారు రెండు ముక్కలు తిని, మూడోది అందుకుని, "అమెరికా వాళ్లు గట్టివాళ్లయ్యా. ఇదేనా ఆ బిస్కత్తు?" అన్నారు.

జగన్నాధం గుమ్మంలో నిలబడ్డ భార్యవైపు చూడకుండా, "అదేనండీ. నేనే చేశాను," అన్నాడు.

"అయితే ఢిల్లీకి నువ్వే," అన్నారు బీడీవోగారు.

మర్నాడు పొద్దున్నే బొడ్డవలసకి ఆ కాలిన పెట్టే వెళ్లింది. కూర్మయ్య దాన్ని గోనెతో సహా ఆఫీసు గుమ్మం పక్కనే పెట్టడంవల్ల బండివాడి చేతికి ముందు అదే దొరికింది. అక్కడ పోలింగు అధికారి బడిపంతులు నారాయణమూర్తి. ఓటింగుకు ముందు పెట్టె ఖాళీగా ఉందని అభ్యర్థులకి చూపించాలి. పంతులుగారు ఎన్ని తిప్పలు పడ్డా మూత రాలేదు. అభ్యర్థి బుల్లమ్మ పెట్టెను లాక్కుని చెవి దగ్గర ఊపింది. లోపల గడగడమంది.

"ఓట్లేసీసినారు! మనం నిద్దర్లో ఉంటే ఓట్లేసీసినారు! ఒరే నూకయ్యా, నీకిది పరువేట్రా?"

"నాకేటి తెల్సే! ఓట్లు కాయితాలు కదేటి, కాయితం గడగడమంటాదేటి?" అన్నాడు ఎదుటి అభ్యర్థి నూకయ్య.

ఆ తర్కం ఎవరికీ ఎక్కలేదు. కర్రలు బయటికి వచ్చేసరికి పంతులుగారు బీడీవోకి కబురు పంపారు. జీపులో ఆయన, జగన్నాధం, కూర్మయ్య వచ్చారు. కమ్మరి చేత అందరి ఎదుటా మూత పగలగొట్టించారు. నేలమీద పన్నెండు నల్లటి బిళ్లలు దొర్లాయి.

"సూసినారా! బండిచక్రం! ఆడి గుర్తే అచ్చుపోసి ఏసినాడు!" అంది బుల్లమ్మ. నూకయ్య గుర్తు నిజంగా బండిచక్రమే.

నరసింగరావుగారు ఒక బిళ్ల తీసి వాసన చూశారు. "జగన్నాధం, ఏమిటిది?"

చెప్పకపోతే తలలు పగిలేలా ఉన్నాయి. "బిస్కత్తండీ," అన్నాడు జగన్నాధం. "పెట్టె... ఓవెన్‌లా..."

"మరి నిన్న నేను తిన్నది?"

జగన్నాధం వంగి నేలమీది బిళ్లలు ఏరడం మొదలుపెట్టాడు. "అది అమ్మగోరు ఏసిన దిబ్బరొట్టి బాబూ," అన్నాడు కూర్మయ్య గర్వంగా. "నాకూ ఓ ముక్క ఎట్టినారు."

బుల్లమ్మకి ఇంకా నమ్మకం కుదరలేదు. ఒక బిళ్ల కొరికి చూసి, బుగ్గ పట్టుకుని, "ఇది ఓటు కాదు. తిండి కూడా కాదు," అని తీర్పు చెప్పింది. రెండో పెట్టె తెప్పించి పోలింగు మొదలుపెట్టారు.

పెట్టెలు తన కాపలాలో ఉన్నవే కాబట్టి, జగన్నాధం మీద రాసే ప్రతి అక్షరం తనమీదకే వస్తుందని బీడీవోగారికి జీపు ఎక్కేలోపే అర్థమైంది. దాంతో ఆ పెట్టె పాతబడి పాడైనట్టు రాశారు. ఢిల్లీకి పంపే పేరు మాత్రం మారింది. ఓవెన్ లేని ఇళ్లల్లో గోధుమపిండి రొట్టె కాల్చే పద్ధతి నేర్పడానికి శ్రీమతి నీలవేణిగారిని ఎంపిక చేశారు.

ఆర్డరు కాగితం జగన్నాధమే అందుకుని భార్యకి చదివి వినిపించాడు. అడుగున వెంట తెచ్చుకోవలసిన సామగ్రి జాబితా ఉంది: మందపాటి ఇత్తడి గిన్నె ఒకటి, మూత ఒకటి, మొయ్యడానికి భర్త ఒకడు.