ధవళయ్యగారి పదునాలుగు నియమాలు

ఒక పెద్ద అడవిలో, కొండవాగు మలుపు తిరిగేచోట ఏర్పడిన మడుగు గట్టున, జంతువుల పిల్లలకొక మాధ్యమిక పాఠశాల ఉండేది. ఆరవ తరగతి మొదలుకొని ఎనిమిదవ తరగతి వరకు అక్కడ చదువు చెబుతారని ప్రతీతి.

ఆ వయసు పిల్లల సంగతి తెలిసిందే కదా. పాలు మరచినవారు, బుద్ధి ఇంకా తెలియనివారు. కాళ్లు ఒకచోట నిలవవు. నోరు అసలే నిలవదు.

ఆ బడికి ప్రధానోపాధ్యాయుడు ధవళయ్య అనే కొంగ. మల్లెపూవు వంటి తెల్లని దేహం, ఒంటికాలి నిలకడ, అరమోడ్పు కన్నులు. చూసినవారెవరైనా మహాపండితుడని చేతులు జోడించవలసిందే. పాండిత్యం మాట అటుంచితే, ఆయన మనసు మాత్రం ఒకే ఒక్క కోరిక మీద నిలిచి ఉండేది. సింహంగారి కొలువు ఆ ఏడాది 'ఆదర్శ పాఠశాల' ఫలకాన్ని ప్రకటించింది. అది ఏ బడికి దక్కితే, ఆ బడి ప్రధానోపాధ్యాయుడికి అడవి మొత్తం మీద విద్యాధికారి పదవి. ఆ పదవి రాని బ్రతుకు బ్రతుకే కాదని ధవళయ్యగారు నిశ్చయించుకున్నారు.

"ఫలకం చదువును చూసి ఇస్తారా, నడవడిని చూసి ఇస్తారా?" అని కొలువు నుంచి కబురు తెచ్చిన కాకిని ఆయన అడిగారు.

"చదువు కంటికి కనబడదు కదండీ! కనబడేదాన్ని చూసే ఇస్తారు" అన్నది కాకి.

ధవళయ్యగారికి జ్ఞానోదయమైంది. మరునాటికల్లా టేకు బెరడు మీద పదునాలుగు నియమాలు వెలిశాయి. ఆ భాషా గాంభీర్యాన్ని చూసి ఆయనే రెండుమార్లు తల ఊపుకున్నారు.

"వడ్రంగిపిట్ట మొద్దు మ్రోగించిన తోడనే విద్యార్థులు ఎత్తుల వరుసన నిలువవలెను. అనుమతి లేక ఎవ్వరును నోరు తెరవరాదు. చెప్పదలచినవారు చేయెత్తి, ఉపాధ్యాయుని దృష్టి తమపై పడువరకు వేచియుండవలెను. పాఠము లేని వేళ చేతులు కట్టుకొని, మూతిపై వ్రేలుంచుకొనవలెను. నీళ్ల వేళ ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రుక్క మాత్రమే త్రాగవలెను. పొదచాటునకు పోవలసినవారు చిటికెన వ్రేలు చూపవలెను." మిగిలిన ఎనిమిదింటి సారాంశమూ ఇదే. ఏది చేయాలన్నా మానుకోవలెను.

భాష చెప్పే ముసలి తాబేలు కూర్మమ్మ ఆ బెరడును ఆమూలాగ్రం చదివింది. ముప్పై ఏళ్లుగా ఆ బడిలో పనిచేస్తున్న పంతులమ్మ ఆవిడ.

"ధవళయ్యగారూ, గిట్టలున్న పిల్లలకు చిటికెన వేలు ఎక్కడిదండీ?"

"లేనివారు చూపలేరు. చూపనివారు పోకూడదు. ఇందులో తమకు అర్థం కానిదేమున్నది?"

"అర్థమైంది నాకు. పాపం, లేళ్ల పిల్లలకే కష్టమవుతుంది."

"కష్టపడితేనే నడవడి అబ్బుతుంది, కూర్మమ్మగారూ!"

ఏనుగు గున్నకు నోటి మీద పెట్టుకోవడానికి వేలు లేక, తొండం పెట్టుకోవలసి వచ్చింది. కొంతసేపటికి వాడి కళ్లు తేలిపోయాయి. "పంతులుగారూ, ఊపిరాడడం లేదండీ!" అన్నాడు వాడు.

"అడిగి మాట్లాడావా?" అన్నారు ధవళయ్యగారు.

ఆ గున్నకూ ఒక గుక్కే, కుందేలు పిల్లకూ ఒక గుక్కే. గున్న తన గుక్కలో చిన్న కుంటను ఖాళీ చేసి, వెనుక నిలబడ్డవారికి బురద మిగిల్చేవాడు. సమానత్వమంటే అదేనని ధవళయ్యగారు తల్లిదండ్రుల సభలో ఉపన్యసించారు. బురద మిగిలిన పిల్లల తల్లులు కూడా చప్పట్లు కొట్టారు. ఇంటి దగ్గర పిల్లల అల్లరి తగ్గింది కదా, వారికి అది చాలు.

ఈ నియమాలన్నిటికీ కావలి సూచిక. అది ఏదుపంది పిల్ల. ఏడవ తరగతి లీడరు. ఎవరు నోరు విప్పినా తన వీపు నుంచి ఒక ముల్లు పీకి, నల్లరాతి మీద వాళ్ల పేరు గీకేది. రెండోసారి మాట్లాడితే పేరు పక్కన ఇంటు మార్కు. మూడు ఇంటు మార్కులు పడితే ఎండలో బండ మీద నిలబడాలి. తన కళ్లు తిరిగిన చోటల్లా మాటలు ఆగిపోవడం ఆ పిల్లకు మహా ముచ్చటగా ఉండేది.

"ఏమే సూచికా, నిన్న నీ పక్కనే కూర్చుని నా అటుకులు పెట్టాను కదా! పేరు తుడిచెయ్యవే" అని ముంగిస పిల్ల బ్రతిమాలింది.

"ఇప్పుడు మళ్లీ మాట్లాడావు. ఇంటు!" అన్నది సూచిక.

ఒకనాడు పాఠం జరుగుతూండగా, చినచుక్క అనే జింకపిల్ల చెవులు నిక్కబొడుచుకుంది. తరువాతి క్షణంలో "కూ!" అని గట్టిగా అరిచింది. పిల్లలందరూ చెట్టుకొకరు పుట్టకొకరుగా పరుగెత్తారు. గడ్డిలో పొంచి ఉన్న చిరుతపులి, విందు చెదిరిపోయిందని విసుక్కుంటూ వెళ్లిపోయింది. ఒక్క పిల్లకూ గీత పడలేదు.

అందరూ వచ్చి వరుసలో నిలబడ్డాక, ధవళయ్యగారు నల్లరాతిని చూపించారు. చినచుక్క పేరు, దాని పక్కన ఒక్క అరుపుకే మూడు ఇంటు మార్కులు ఉన్నాయి.

"అరవకపోతే మమ్మల్ని తినేసేదండీ!" అన్నది చినచుక్క ఏడుస్తూ.

"చిరుతపులి వచ్చినా చేయెత్తే చెప్పాలి. నేను చూసేదాకా ఆగాలి. అడవి మృగాలకూ మనకూ భేదం ఉండవద్దా?"

"మనమూ అడవి మృగాలమే కదండీ" అన్నది కూర్మమ్మ.

ధవళయ్యగారు ఆ మాట విననట్లు కన్నులు మూసుకున్నారు. ఆయనకు వినబడకపోవడమనేది ఇష్టాన్ని బట్టి వచ్చిపోయే రోగం. చినచుక్క మూడు రోజులు ఎండలో బండ మీద నిలబడింది. నాలుగవ రోజున అది వరుసలోకి వచ్చింది గాని, చెవులు నిక్కబొడుచుకోవడం మానేసింది.

బడిలో చీమ చిటుక్కుమంటే వినబడేటంత నిశ్శబ్దం నెలకొన్నది. పిల్లలు ఏమి నేర్చుకున్నారని అడిగేవారు లేరు. ఫలకం కోసం కొలువు జరిపే తనిఖీకి రోజు నిర్ణయమైంది.

ఆనాడు ఉదయాన ధవళయ్యగారు ఈకలు మూడుసార్లు దిద్దుకున్నారు. మడుగు అంచున, మోకాలి లోతు నీళ్లలో నిలబడి స్వాగతోపన్యాసం చేయాలని ఆయన సంకల్పం. పిల్లలు గట్టు మీద ఎదురుగా వరుసలు తీరుతారు. తన తెల్లని నీడ నీళ్లలో పడి, ఒక్క ప్రధానోపాధ్యాయుడు ఇద్దరై కనబడతాడు. విద్యాధికారి అన్నవాడికి ఆమాత్రం నిండుదనం అవసరమని ఆయన భావన.

ఆయన నీళ్లలోకి దిగబోతూండగా కూర్మమ్మ ఆయాసపడుతూ ఎదురొచ్చింది. "ధవళయ్యగారూ, రాత్రి వానకు వాగు పొంగి, మడుగులోకి..."

"కూర్మమ్మగారూ! చేయెత్తకుండానే? ఉపాధ్యాయులే ఇలా ఉంటే పిల్లలకు ఏం చెబుతాం?"

పాపం, ఆవిడ ముంగాలు ఎత్తింది. తాబేలు కాలు ఎంత ఎత్తితే మాత్రం చిప్ప దాటుతుందా? ధవళయ్యగారి దృష్టి అంత కిందికి దిగలేదు. ఆయన చూపు దారి మీద ఉంది. దూరాన కొలువు పంపిన తనిఖీ అధికారి, ఎలుగుబంటి రోమశయ్యగారు, చంకలో తనిఖీ పత్రంతో, ఆవులిస్తూ వస్తున్నారు.

రోమశయ్యగారిని రావి ఆకుల ఆసనం మీద కూర్చోబెట్టారు. పిల్లలు ఎత్తుల వరుసన, మూతి మీద వేళ్లతో, గిట్టలతో, తొండంతో నిలబడి ఉన్నారు. సూచిక నల్లరాతి పక్కన ముల్లు పట్టుకుని నిలుచున్నది. ధవళయ్యగారు నీళ్లలోకి దిగి, ఒంటికాలి మీద నిలిచి, గొంతు సవరించుకున్నారు.

"మహనీయులైన అధికారివర్యా! క్రమశిక్షణయే విద్యకు ప్రాణము..."

ఆయన వెనుక, పది బారల దూరంలో, నీళ్ల మీద రెండు బుడిపెలు తేలాయి. వాగు పొంగినప్పుడు మడుగులోకి వచ్చిన మొసలి కళ్లు అవి.

మొదట ఏనుగు గున్న చేయెత్తాడు. అంటే తొండం ఎత్తాడు. తరువాత ముంగిస పిల్ల, ఆ తరువాత కుందేలు పిల్ల. చూస్తూండగానే మూడు తరగతుల పిల్లలూ చేతులెత్తారు. ఒక్కరూ నోరు తెరవలేదు.

ధవళయ్యగారి గుండె పొంగిపోయింది. "చూశారా, అయ్యా! ఎంత జిజ్ఞాస! ఎంత అణకువ! ఒక్కడైనా తొందరపడి కూశాడా?"

"అద్భుతం" అని రోమశయ్యగారు పత్రంలో ఏదో గీశారు.

"నాయనలారా, ప్రశ్నలన్నీ ఉపన్యాసం చివర" అన్నారు ధవళయ్యగారు.

బుడిపెలు అయిదు బారల దూరానికి వచ్చాయి. పిల్లలు రెండో చేయి కూడా ఎత్తారు. కొందరు ఎగిరెగిరి ఎత్తారు. "ఎగరరాదు. తొమ్మిదవ నియమము" అన్నారు ధవళయ్యగారు, చిరునవ్వుతోనే. అందరూ ఎగరడం మానేశారు.

చినచుక్క గొంతులో అరుపు పుట్టింది. ఆ పిల్ల నోరు తెరిచింది. సూచిక ముల్లు నల్లరాతిని తాకింది. చినచుక్క ఆ రాతినీ, దాని అవతల ఎండకు కాలుతున్న బండనూ చూసి, నోరు మూసుకుని, చేయెత్తింది.

కూర్మమ్మ మాత్రం ఆగలేకపోయింది. "ఓ ధవళయ్యా! నీ బుద్ధి మండ! వెనక్కి చూడవయ్యా, మొసలి!"

ధవళయ్యగారి ముఖం జేవురించింది. అధికారి ముందు, ఉపన్యాసం మధ్యలో, తన సిబ్బందే ఏకవచనంలో కేకలు వేయడమా? ఆయన తల తిప్పారు. వెనక్కి కాదు, నల్లరాతి వైపు.

"సూచికా! పంతులమ్మగారి పేరు కూడా వ్రాయి."

సూచిక ఇంకా ముల్లు ఎత్తనేలేదు. ధడేలుమని నీళ్లు లేచాయి. ధవళయ్యగారి తోకా, ఆయన నిలబడ్డ కాలూ మొసలి నోట్లో ఉన్నాయి. ఆ తరువాత ఆయన పెట్టిన కేకలు అడవి నాలుగు దిక్కులా వినబడ్డాయి. "చచ్చానురోయ్! బాబోయ్! పట్టుకోండర్రా! ఎవరైనా రండర్రా!"

పిల్లలు చేతులెత్తి అలాగే నిలబడ్డారు. వరుస విడిచిపెట్టమని ఎవరూ చెప్పలేదు.

కూర్మమ్మే బొళుక్కున నీళ్లలోకి దూకి, మొసలి పెదవిని కరిచి పట్టుకుంది. మొసలి నోరు సడలించింది. ధవళయ్యగారు తోకనూ కాలునూ అక్కడే వదలి, ప్రాణం మాత్రం తీసుకుని ఎదుటి గట్టు మీద పడ్డారు. కాసేపటికి కూర్మమ్మ కూడా, చిప్ప మీద రెండు పళ్ల గాట్లతో, ఇవతలి గట్టుకు చేరింది.

నొప్పి సంగతి తరువాత. ధవళయ్యగారికి పదవి గుర్తుకొచ్చింది. "అయ్యా, ఫలకం?" అని గట్టు మీది నుంచి కేక వేశారు.

రోమశయ్యగారు నల్లరాతి దగ్గరకు వెళ్లి, సాంతం చదివి వచ్చారు. "ఫలకం మీ బడికే. ఇంతటి నడవడిని నేను నా ఉద్యోగకాలంలో చూడలేదు. కళ్లెదుట ప్రధానోపాధ్యాయుణ్ణి నమిలేస్తూంటే ఒక్క పిల్లవాడైనా వరుస తప్పలేదు!"

"ధన్యుణ్ణి! మరి నా పదవి?"

"అదే చెబుతున్నాను. ఈనాడు ఈ ప్రాంగణంలో అనుమతి లేకుండా నోరు తెరిచినవారు ఇద్దరు. పంతులమ్మగారు ఒకసారి. తమరు," రోమశయ్యగారు నల్లరాతిని మళ్లీ చూశారు, "పదిహేడు ఇంటు మార్కులు. ఈ పిల్ల చక్కగా లెక్క పెట్టింది. తమరు వ్రాసిన నియమాలను తమరే ఇన్నిసార్లు మీరారు కనుక, తమరిద్దరినీ ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాను."

"అయ్యా, నా కాలు పోయింది!"

"మళ్లీ అరిచారు. పద్దెనిమిది."

సూచిక వెంటనే గీకింది.

"మరి కొత్త ప్రధానోపాధ్యాయుడు ఎవరండీ?" అని, కొలువుకు కబురు మోయడానికి వచ్చి కొమ్మ మీద వాలి ఉన్న కాకి అడిగింది.

రోమశయ్యగారు పత్రాన్ని పైనుంచి కిందికి చూశారు. "ఈ సభకు ఒకరు చప్పుడు చేయకుండా వచ్చారు. తోసుకోలేదు, ఎగరలేదు, ఎంతసేపయినా ఓపికగా వేచి ఉన్నారు. పద్నాలుగు నియమాలలో ఒక్కటీ తప్పలేదు. అటువంటివారు దొరకడం ఈ రోజుల్లో దుర్లభం." ఆయన మడుగు వైపు తిరిగి నమస్కరించారు. మొసలి మర్యాదగా కన్నులు మూసి తెరిచింది.

మరునాడు ఉదయం వడ్రంగిపిట్ట మొద్దు మ్రోగించింది. పిల్లలు గట్టుకు వచ్చి, పాఠం చెప్పడానికి నోరు తెరిచిన కొత్త పంతులుగారిని చూశారు. ఆ నోటిలో ఎన్ని పళ్లున్నాయో ఒక్కసారి చూడగానే, వారికి మూడేళ్ల చదువు ఒక్క క్షణంలో వచ్చేసింది. చినచుక్క "కూ!" అని అరిచింది. ఆ వెంటనే అందరూ అరిచారు. సూచిక కూడా ముల్లు పారవేసి, అందరికన్నా ముందు పరుగెత్తింది. ఆ అరుపులు కొండ దాటి, కూర్మమ్మ మకాం పెట్టుకున్న రెల్లు గడ్డి దాకా సాగి, అక్కడ ఆగాయి. ఆనాటి నుంచి చదువు అక్కడే. ఆ గోలకు చుట్టుపక్కల పిట్టలు గూళ్లు మార్చుకున్నాయని వినికిడి.

ఏడాది గడిచింది. రోమశయ్యగారు మళ్లీ తనిఖీకి వచ్చారు. మడుగు గట్టున గాలి తప్ప మరేదీ కదలడం లేదు. ఆయన ఆనందానికి అవధుల్లేవు. రెండవ ఫలకం తీసి మొదటిదాని పక్కన తగిలించారు.

ఎదుటి గట్టు నుంచి ధవళయ్యగారు కుంటుకుంటూ, ఎగురుకుంటూ వచ్చారు. ఏడాదిగా ఆయన ఆ దినం కోసమే కాచుకుని ఉన్నారు. కొత్తవాడి లోపం బయటపెడితే పాత పదవి తిరిగి వస్తుందని ఆశ.

"అయ్యా, మోసపోయారు! ఈ బడిలో ఒక్క పిల్లయినా లేదు. ఏడాదిగా లేదు!"

రోమశయ్యగారు తనిఖీ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "నిశ్శబ్దానికి గడి ఉన్నది. వరుసకు గడి ఉన్నది. శుభ్రతకు గడి ఉన్నది. పిల్లలున్నారా లేరా అనే గడి ఇందులో లేదే!" అంటూ సంతకం చేసి, ఆవులిస్తూ వెళ్లిపోయారు.

ధవళయ్యగారు మెరిసిపోతున్న ఆ రెండు ఫలకాలనూ చూశారు. ఆయన కంట నీరు తిరిగింది. పోయిన కాలును తలచుకుని కాదు, చెదిరిన పిల్లలను తలచుకుని అంతకంటె కాదు.

"అయ్యో, ఇంత సులువైన దారి ఉందని తెలిస్తే, వాళ్లను మొదటిరోజే తరిమేసి ఉండేవాణ్ణి కదా!" అనుకున్నారు ఆయన.

నీతి: పిల్లలు లేకపోవడమే పిల్లల నడవడికి పరాకాష్ఠ.