కక్కులయ్యకు పది నిమిషాల ఓపిక

బండెక్కితే పది నిమిషాల్లో సముద్రం వచ్చే ఊళ్లో ఉంటూ, సారం అనే పేటలోని మా ఇంటి హాల్లో ఇంకో సముద్రం పెట్టుకున్నవాణ్ణి నేను. నా పేరు జయప్రకాశ్. ఊరికి నీళ్లు ఎక్కించే పంపుల దగ్గర ఉద్యోగం. ఇంట్లో ఉప్పునీళ్ల గాజుతొట్టి, అందులో నారింజ రంగు చేపలు రెండు.

ఆ తొట్టి కింద అరలో ఇంకో చిన్న తొట్టి, దాన్లో ప్రొటీన్ స్కిమ్మర్ అనే గొట్టం. నీళ్లలోని మురికిని నురగగా మార్చి పైనున్న గిన్నెలోకి కక్కడం దాని పని. అందుకే మా ఆవిడ మరగతం దానికి కక్కులయ్య అని పేరు పెట్టింది.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కక్కులయ్య గిన్నె దాటి హాలంతా కక్కేవాడు. పాలు పొంగితే గృహప్రవేశం. ఇది పొంగితే గృహస్థుడి నిష్క్రమణం.

"ఏందయ్యా ఈ నాత? ఇంకొక్కసారి పొంగితే ఈ చేపల్ని నటరాజన్ అన్న అంగడికి పంపించేస్తా" అంది మరగతం. మాకు చేపలు అమ్మిన మనిషి నటరాజన్.

"ఊరంతటికీ నీళ్లు ఎక్కించేవాణ్ణి, ఒక గిన్నెను ఆపలేనా?"

"ఊరి సంగతి ఊరోళ్లను అడుగుతా. ముందు గిన్నెను ఆపు."

మొదట గిన్నె మూతకు టేపు చుట్టాను. నురగ ఆ మూతను గోడకు విసిరింది. తర్వాత పాత ఫ్లష్ ట్యాంకులో నీళ్ల మీద తేలే బంతిని తెచ్చి, కింది తొట్టిలో నీళ్లు పెరిగితే స్కిమ్మర్ ఆగిపోయేలా స్విచ్చుకు కట్టాను.

నెల రోజులు! డ్యూటీ నుంచి రాగానే అడిగేవాణ్ణి.

"కరెంటు పోయిందా?"

"రెండుసార్లు."

"పొంగిందా?"

"లేదు."

"చూసినావా మరి?"

"చూస్తానే ఉండాను" అనేది. ఆ మాటలో ఇంకో అర్థం ఉందని నాకు తట్టలేదు.

ఒక ఆదివారం నా ప్రతిభ చూపిద్దామని నటరాజన్‌ను పిలిచాను. మరగతం మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. మెయిన్ ఆపాను. పై తొట్టి నీళ్లు పైపుల్లోంచి కిందికి దిగాయి. రెండు నిమిషాలాగి మెయిన్ వేశాను. ఉప్పు పేరుకుని బిగుసుకున్న బంతి కదల్లేదు. కక్కులయ్య కదిలాడు. నటరాజన్ తెల్లపంచె పచ్చబడింది.

"ఇదేనా అప్పా నువ్వు కనిపెట్టింది?"

"నెల రోజులు బాగా పనిచేసిందన్నా!"

"పనిచేసింది నేను" అంటూ మరగతం బకెట్టుతో దిగివచ్చింది.

కరెంటు పోగానే కక్కులయ్య ప్లగ్గు పీకేసేదట.

"పై నీళ్లు కిందికి దిగి ఉంటాయి కదా? మోటారు వాటిని మళ్లా పైకి ఎక్కించాల. అంతదాకా ఓర్చుకోకుండా దీన్ని నడిపిస్తే పొంగదా? కరెంటు వచ్చినాక పది నిమిషాలు ఆగి ప్లగ్గు పెడతా. అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ బంతిని చూసుకొని అంత మురిసిపోతా ఉంటివి."

చేపల్ని పంపించేస్తానన్న మనిషి, నెల రోజులుగా పొయ్యి ఆపి పరుగెత్తుకొచ్చి వాటినీ, నా గొప్పనూ కలిపి కాపాడింది. నటరాజన్ ముందు పోయిన పరువు కంటే అదే నన్ను ఎక్కువ గుచ్చింది.

"చెల్లెమ్మ చేసే పనే చేసే స్విచ్చు ఉందప్పా. కరెంటొచ్చినాక పది నిమిషాలు ఆగి వదుల్తుంది" అన్నాడు నటరాజన్, పంచె పిండుకుంటూ. మర్నాడే దాన్ని కక్కులయ్యకు తగిలించాం.

తర్వాతి వారం మరగతం బాహూరులో వాళ్లక్క ఇంటికి వెళ్లింది. నాలుగో రోజు సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. స్టూలు వేసుకుని తొట్టి ముందు కూర్చున్నాను. పై తొట్టి మెల్లగా నిండుతోంది. పది నిమిషాలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. అన్నిసార్లు ఆమె ఒక్కతే ఇక్కడ నిలబడిందన్నమాట. చివరికి కక్కులయ్య గొంతు సవరించుకున్నాడు. చుక్క పొంగలేదు.

వెంటనే ఫోన్ చేశాను. "ఒక్క చుక్క కింద పడలేదు మరగతం!"

"సంతోషం. ఇల్లు తుడిచినావా?"

"పొంగనేలేదంటే తుడిచేదేంది?"

"కక్కులయ్య సంగతి కాదయ్యా. నేనొచ్చి నాలుగు దినాలాయె. మామూలుగా తుడిచినావా అంటా ఉండా."

స్టూలు మీంచి కాళ్లు దించాను. అరికాళ్లకు నాలుగు రోజుల సారం వీధి దుమ్మంతా అంటుకుంది.

"లైను సరిగ్గా లేదు మరగతం" అన్నాను.