ఏడో నంబరు బ్యాడ్జీ

మంత్రిగారూ, డైరెక్టరుగారూ, మీరిద్దరూ కలిసి మా వదిన రోగం దొంగిలించారు. దొంగలు చాలామందిని చూశాను గానీ, పక్కవాళ్ల రోగాన్ని కూడా వదలనివాళ్లని ఇదే చూడడం. అభినందించాల్సిందే. ఎలా దొంగిలించారో ఉన్నదున్నట్టు రాస్తాను. నేను ఆ ప్రయోగశాలలో స్టోర్ గుమస్తాని. ఏది జరిగినా రిజిస్టర్లో ఎక్కించడమే నా పని.

"మంత్రిగారి దూరదృష్టి ఫలితంగా ప్రపంచంలో కొత్త లోహం ఆవిర్భవించింది" అని ప్రభుత్వం ప్రకటించింది. లోహం ఆవిర్భవించిన రోజున మంత్రిగారు ఇంకా పశుసంవర్ధక శాఖలోనే ఉన్నారు. దూరదృష్టి అంటే అదే మరి.

వెనక షెడ్డులో రాతిపొడిని యాసిడ్‌లో ఉడికించి వడగట్టే పని మా వదినది. మిగిలిన మడ్డి పారబోయాలి. ఒకరోజు పారబోయబోతూ ఎందుకో కిరణాలు కొలిచే మీటరు పెట్టి చూసింది. అసలు రాయికంటే మడ్డి దగ్గరే ముల్లు ఎక్కువ ఎగిరింది.

"సార్, ఇందులో ఇంకేదో ఉందండీ" అంది సైంటిస్టుతో.

"నీకేం తెలుసు? పారబొయ్" అన్నాడాయన.

మధ్యాహ్నానికి దాన్ని ఆయన కనిపెట్టాడు. సాయంత్రానికి డైరెక్టరుగారు కనిపెట్టారు. శాఖ మారిన మర్నాడు పేపర్లలో మంత్రిగారు కనిపెట్టారు.

తర్వాత రెండేళ్లపాటు వదిన బళ్లకొద్దీ మడ్డి ఉడికిస్తే ఆవగింజంత లోహం తేలింది. చాకుతో కోస్తే వెండిలా తళతళలాడుతుంది, గాలి తగిలిన నిమిషానికి నల్లబడుతుంది. పొయ్యి లేకుండా దానంతటదే వెచ్చగా ఉంటుంది. ఈ గుణాలు మంత్రిగారికి విన్నవించడానికి వెళ్తూ డైరెక్టరుగారు ఫైళ్లు మోయడానికి నన్ను తీసుకెళ్లారు.

"దీని అర్ధాయువు పదకొండు రోజులండీ. అంటే పదకొండు రోజుల్లో సగం తరిగిపోతుంది."

"అయితే ఇరవైరెండు రోజులకి మొత్తం అయిపోతుంది."

"లేదండీ, పావువంతు మిగులుతుంది."

"ఎవడు మిగిల్చాడు?"

డైరెక్టరుగారు కాగితం మీద లెక్కవేసి చూపించబోయారు.

"చూడవయ్యా, నా శాఖలో ఎవరికీ అర్ధాయువు ఉండకూడదు. వినడానికే బాగాలేదు. పూర్ణాయువు అని జీవో ఇచ్చెయ్."

జీవో వచ్చింది. లోహం మాత్రం దాన్ని చదువుకోలేదు. తరుగుతూనే ఉంది.

ఇక బ్యాడ్జీ సంగతి. షెడ్డులో పనిచేసేవాళ్లు ఛాతీమీద బ్యాడ్జీ పెట్టుకోవాలి. దాని లోపల చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది. లోహం నుంచి వచ్చే కిరణాలు మనిషికి ఎంత తగిలితే ఫిల్ము అంత నల్లబడుతుంది. బాగా నల్లబడితే ఆ మనిషిని పని మాన్పించి ప్రభుత్వమే పెద్దాసుపత్రిలో వైద్యం చేయించాలని రూలు. మా డైరెక్టరుగారు రూలుకి ప్రాణమిస్తారు. ప్రభుత్వ ఆస్తి పాడవకూడదని బ్యాడ్జీలన్నీ తన గదిలో బీరువాలో పెట్టించి తాళం వేయించారు. తాళంచెవి, రిజిస్టరు నా దగ్గర ఉంటాయి. మూడేళ్లలో ఒక్క ఫిల్మూ నల్లబడలేదు. భద్రతలో మాకు మూడుసార్లు షీల్డు వచ్చింది.

ఈలోగా వదిన గోళ్లు నల్లబడ్డాయి. వేళ్ల చివర పుళ్లు మానడం మానేశాయి. గోడ పట్టుకుని నడుస్తోంది.

"ఏమయ్యా మరిదీ, నా ఏడో నంబరు ఒక్క మూడు నెలలు నాకియ్యవా? ఆఫీసులో వేళ్లు చూపిస్తే పచ్చడి కలిపావా అని నవ్వుతున్నారు. ఫిల్ము చూపిస్తే నోరు మూస్తారు."

"డైరెక్టరుకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది వదినా."

"ఉద్యోగం ఊడితే ఇంకోటి దొరుకుతుంది. నా వేలు ఊడితే నీ స్టోర్లో ఇంకోటి ఉందా?"

రిజిస్టర్లో మాత్రం 'బీరువాలో ఉన్నది' అని రాసి సంతకం పెట్టి, బ్యాడ్జీ ఆవిడ చేతికిచ్చాను.

లోహం ఆవిష్కరణ సభ మంత్రిగారి పర్యటనల వల్ల నాలుగు నెలలు వాయిదా పడింది. అప్పటికి గాజుపెట్టెలో లోహం వెయ్యోవంతు కూడా మిగల్లేదు. డైరెక్టరుగారి ఆజ్ఞ మీద నేనే సిగరెట్ పెట్టె రేకు ఉండచుట్టి అందులో పెట్టాను. మంత్రిగారు దాన్ని చూసి "అబ్బ, ఏం తేజస్సు!" అని కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"సార్, ఒక బ్యాడ్జీ తగిలించుకుంటే ఫొటోలో కార్మికుల్లో ఒకరిలా పడతారు" అన్నాడు ఫొటోగ్రాఫరు.

బీరువా తెరిచారు. మూడేళ్లుగా కదలక పిన్నులన్నీ తుప్పుపట్టి ఉన్నాయి. మంత్రిగారి పీఏ చుట్టూ చూశాడు. వరసలో నిలబెట్టిన మా వదిన కోటు మీద ఒకటి శుభ్రంగా మెరుస్తోంది. లాగి మంత్రిగారికి తగిలించాడు.

"బాబూ, అది నాదండీ!"

"అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు పీఏ.

మంత్రిగారు ఎన్ని కిరణాల మధ్య నిబ్బరంగా నిలబడ్డారో లెక్కగట్టి సర్టిఫికెట్ ఇద్దామని డైరెక్టరుగారికి బుద్ధి పుట్టింది. ఫిల్ము కడిగించారు. బొగ్గులా ఉంది.

అరగంటలో సైరన్లు. పెద్దాసుపత్రిలో ఈ రోగానికి ఉన్నది ఒకటే మంచం. దాని మీద మంత్రిగారిని పడుకోబెట్టారు. రక్తం చూశారు, బాగుంది. గోళ్లు చూశారు, గులాబీరంగులో ఉన్నాయి. "కిరణాలని జీర్ణం చేసుకున్న తొలి ప్రజానాయకుడు" అని బులెటిన్ వచ్చింది.

వదినని నడిపించుకుని డైరెక్టరుగారి గదికి వెళ్లాను.

"సార్, ఆ ఫిల్ము మూడు నెలలు ఈవిడ ఒంటిమీద ఉంది. పెట్టెలో ఉన్నది సిగరెట్ రేకు. మీకూ తెలుసు."

"మెల్లిగా మాట్లాడవయ్యా. ఏడో నంబరు బీరువాలో ఉందని రిజిస్టర్ చెబుతోంది. సంతకం ఎవరిది?"

నాదే.

వదిన కుర్చీకోడు పట్టుకుని నేలమీద కూలబడింది. "పోనీ, ఆయన లేచాకైనా ఆ మంచం నాకిస్తారా బాబూ?"

"ఎన్నికలయ్యేదాకా ఆయన లేవరమ్మా."

అందుకే ఇది పేపరుకి రాస్తున్నాను. నా సంతకం అబద్ధం. నన్ను పీకెయ్యండి. బీరువా తెరిచి బ్యాడ్జీలు షెడ్డులో వాళ్ల ఛాతీల మీద పెట్టండి. రేపు పొద్దున్న పదింటికి వదినని తీసుకుని ఆసుపత్రికి వస్తున్నాను. దుప్పటి మార్చనక్కర్లేదు, ఆయన నుంచి దానికి ఏ రోగమూ అంటలేదు.

మంచం దిగండి.